కంప్యూటర్‌తో కోసిన సిరామిక్ క్యాప్ ఎన్నాళ్లుంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సూర్యారావుపేటలో ఒక డెంటల్ ల్యాబ్‌లో పనిచేస్తాను. డాక్టరుని కాను, టెక్నీషియన్ని. మీ పంటి కొలత డాక్టరు గారి దగ్గర్నుంచి మా దగ్గరికి వస్తుంది, క్యాప్ అయి తిరిగి వెళ్తుంది. మీరు మా మొహం చూడరు, మేం మీ నోరు తప్ప ఇంకేం చూడం. అయినా ఈ పని చేస్తానని తెలిసినప్పటి నుంచి పెళ్లిళ్లలో భోజనాల బంతిలో పక్కన కూర్చున్నవాళ్లు నోరు తెరిచి మరీ చూపించి అడుగుతుంటారు. ఆ ప్రశ్నలే ఇవి.

నా టేబుల్ సొరుగులో పాత బిస్కెట్ డబ్బా ఒకటుంది. విరిగో, ఊడో, పనికిరాకో తిరిగొచ్చిన క్యాప్‌లు అందులో వేస్తాను. కింద రాసిన జవాబుల్లో చాలావరకు ఆ డబ్బా నేర్పినవే.

కంప్యూటర్‌తో కోయడమంటే అసలు ఏం చేస్తారు?

డాక్టరు గారు పన్ను అరగదీశాక చిన్న స్కానర్‌తో నోట్లోనే స్కాన్ తీస్తారు. స్కానర్ లేకపోతే మెత్తటి ముద్దతో అచ్చు తీసి పంపుతారు, మేం ఇక్కడ స్కాన్ చేసుకుంటాం. గుంటూరు కొత్తపేట వైపు నుంచి వచ్చే కొలతలు ఒకప్పుడు అట్టపెట్టెల్లో బస్సెక్కి వచ్చేవి, ఇప్పుడు చాలావరకు ఫైలుగా వస్తున్నాయి. స్క్రీన్ మీద క్యాప్ గీస్తాం. ఎదురు పన్ను ఎక్కడ తగులుతుంది, పక్క పన్ను ఎంత ఒత్తుతుంది అన్నవి చూసుకుని మెషిన్‌కి పంపుతాం.

మేం వాడే సిరామిక్‌లు ముఖ్యంగా రెండు. మొదటిది జిర్కోనియా. అది 98 మిల్లీమీటర్ల తెల్లటి బిళ్లగా వస్తుంది, డిస్కు అంటాం. కాల్చకముందు అది సుద్దముక్కలా ఉంటుంది, పట్టుకుంటే వేళ్లకి పొడి అంటుతుంది. ఆ మెత్తదనంలోనే మెషిన్ దాన్ని కోస్తుంది. కావాల్సిన కొలత కన్నా ఇరవై, పాతిక శాతం పెద్దగా కోస్తుంది, ఎందుకంటే తర్వాత 1500 డిగ్రీల కొలిమిలో అది కుంచించుకుపోతుంది. కుమ్మరి పచ్చికుండ కూడా కాలాక చిన్నదవుతుంది కదా, ఇదీ అంతే. ఎంత కుంచించుకుపోతుందో డిస్కు మీదే రాసి ఉంటుంది. ఆ అంకె తప్పు కొట్టామా, క్యాప్ వదులవుతుంది లేదా ఎక్కదు.

రెండోది లిథియం డైసిలికేట్, ఈ-మ్యాక్స్ అనేది అందులో ఒక బ్రాండు. దీని సంగతి వేరు. అది చిన్న ఇటుకలా వస్తుంది, రంగు మాత్రం వంకాయ రంగు. పనిలో చేరిన కుర్రాళ్లు మొదటిసారి చూసి "అన్నా, ఇది పన్నెలా అవుతుంది?" అంటారు. సుమారు 850 డిగ్రీల దగ్గర కాలిస్తే లోపలి స్ఫటికాలు మారి పంటి రంగులోకి వస్తుంది, బలం కూడా అప్పుడే వస్తుంది. ఆ కాల్పు సరిగ్గా జరగకపోతే చూడ్డానికి బాగానే ఉంటుంది, నోట్లో నిలవదు. అందుకే మాకు కరెంటు పోతే టెన్షన్. 2024 సెప్టెంబరులో బుడమేరు ఊరి మీద పడ్డప్పుడు మా కొలిమి సగం కాల్పులో ఆగింది. అందులో ఉన్నవన్నీ పారేసి, కరెంటొచ్చాక మళ్లీ కోశాం. "పైకి బాగానే ఉన్నాయిగా" అన్నారు కొందరు. ఉన్నాయి.

సరే, ఎన్నేళ్లు వస్తుంది? ఒక్క ముక్కలో చెప్పండి.

పదేళ్లు నమ్మకంగా, పదిహేనేళ్లు ఆశగా.

ఇక లెక్కలు. 2015లో యూరప్ పరిశోధకులు ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, లిథియం డైసిలికేట్, దాని ముందుతరం లూసైట్ రకం క్యాప్‌లు ఐదేళ్ల తర్వాత నూటికి 96.6 నిలిచాయి. లోపల మెటల్, పైన పింగాణీ ఉండే పాతకాలపు క్యాప్‌లు 94.7. జిర్కోనియా 92.1. ఈ మూడో అంకె చూసి కంగారు పడకండి. అప్పటి జిర్కోనియా చాలావరకు రెండు పొరలది, లోపల జిర్కోనియా, పైన పింగాణీ పూత. ఆ పూత చిట్లిపోయేది. ఇప్పుడు దవడ పళ్లకి మేం వేసేది మొత్తం ఒకే ముక్క. ఆ లెక్కలో కోసినవే కాదు, అచ్చులో ఒత్తినవీ ఉన్నాయి.

పదేళ్ల లెక్క కావాలంటే జర్మనీలో ఒకటుంది. క్లినిక్‌లోనే మెషిన్ పెట్టి కోసిన 41 లిథియం డైసిలికేట్ క్యాప్‌ల్ని గమనించారు, పదేళ్లకి నిలిచినవి 83.5 శాతం. చిన్న గుంపు కాబట్టి రెండు మూడు పోయినా శాతం దబ్బున పడుతుంది. అయినా నిజాయితీగల అంకె అని నా అభిప్రాయం. నూటికి నూరు అని చెప్పేవాళ్ల కన్నా దీన్ని నమ్ముతాను.

అన్నిటికన్నా పాత లెక్క స్విట్జర్లాండ్‌ది. కంప్యూటర్ చూసి, మెషిన్ కోసి, పేషెంటుకి ఆ పూటే అతికించే పద్ధతి జ్యూరిచ్ యూనివర్సిటీలో మొదలైంది. వెర్నర్ మోర్మన్ అనే దంతవైద్యుడు, మార్కో బ్రాండెస్టినీ అనే ఇంజినీరు కలిసి 1985లో మొదటి పేషెంటుకి పెట్టారు. ఆ తొలి తరం మెషిన్‌తో 1989–91 మధ్య ఒక స్విస్ డాక్టరు పెట్టిన ముక్కలు 27 ఏళ్ల తర్వాత 87.5 శాతం బాగున్నాయి. అవి పూర్తి క్యాప్‌లు కావు, పంటి గుంటలో కూర్చునే ఇన్లేలు, ఆన్లేలు. పైగా అప్పటి పదార్థం ఇప్పటి వాటితో పోలిస్తే చాలా బలహీనం. అది పాతికేళ్లు దాటి నిలిచిందంటే దానికి కారణం పదార్థం ఒక్కటే కాదని తెలుస్తోంది కదా.

జిర్కోనియానా, ఈ-మ్యాక్సా? ఏది గట్టి?

గట్టితనం ఒక్కటే చూస్తే జిర్కోనియా. వంచి విరగ్గొట్టే పరీక్షలో మామూలు జిర్కోనియా 900 నుంచి 1200 మెగాపాస్కల్స్ (ఒత్తిడి కొలత) తట్టుకుంటుంది. లిథియం డైసిలికేట్ 360 నుంచి 500 దాకా. జ్యూరిచ్‌లో మొదట వాడిన రకం 150 కూడా దాటదు.

జిర్కోనియాకి ఇంకో గుణం ఉంది. పగులు మొదలైన చోట దాని స్ఫటికాలు రూపం మార్చుకుని నాలుగైదు శాతం ఉబ్బుతాయి. ఆ ఉబ్బు పగులుని రెండువైపుల నుంచీ నొక్కి పట్టేస్తుంది. 1975లో ఈ సంగతి బయటపెట్టినవాళ్లు దీన్ని సిరామిక్ ఉక్కు అన్నారు.

కానీ "జిర్కోనియా" అన్న ఒక్క మాట వెనక చాలా రకాలున్నాయి. ముందు పళ్లకి వేసే, వెలుగు ప్రసరించే రకంలో యిట్రియా అనే ఇంకో ఆక్సైడు ఎక్కువ కలుపుతారు. అందం వస్తుంది, బలం దాదాపు సగానికి పడిపోతుంది, పైన చెప్పిన పగులు పట్టే గుణం కూడా చాలావరకు పోతుంది. మన ఆడవాళ్లు పెట్టుకునే అమెరికన్ డైమండ్ రాళ్లున్నాయే, అవీ జిర్కోనియానే, క్యూబిక్ రకం. క్యాప్ ఎంత మెరిస్తే అంత ఆ రాయికి దగ్గరవుతుందన్నమాట. కాబట్టి దవడ పంటికి "బాగా మెరిసేది వేయండి" అని పట్టుబట్టకండి. నవ్వినా అది కనపడదు.

నా మట్టుకు నేనైతే వెనక దవడ పళ్లకి ఒకే ముక్క జిర్కోనియా, ముందు పళ్లకి, ముందు దవడ పళ్లకి ఈ-మ్యాక్స్ ఎంచుకుంటాను. మా ఆవిడకి అలాగే వేయించాను.

జిర్కోనియా అంటే మెటలే కదా? ఎమ్మారై తీస్తే ఇబ్బందా?

జిర్కోనియం మెటల్, జిర్కోనియా దాని ఆక్సైడు. అయస్కాంతానికి అంటదు, ఎమ్మారైకి అడ్డు లేదు.

అంత గట్టిదైతే మా బాబాయిది మూడేళ్లకే ఎలా పగిలింది?

మందం చాలక. డబ్బాలో పగిలిన వాటిని కొలిచి చూస్తే దాదాపు అన్నిటికీ ఇదే కారణం. నమిలే వైపు లిథియం డైసిలికేట్‌కి మామూలుగా మిల్లీమీటరున్నర కావాలి, బాగా అతికించగలిగితే ఒక మిల్లీమీటరు. జిర్కోనియాకి మిల్లీమీటరు ఉంటే హాయి, అర మిల్లీమీటరు వరకు కొన్ని రకాలు ఓర్చుకుంటాయి. ఆ చోటు రావాలంటే డాక్టరు పన్ను అంత అరగదీయాలి. మొహమాటపడి తక్కువ తీస్తే మా స్క్రీన్ మీద ఆ చోటు ఎర్రగా వెలుగుతుంది. ఫోన్ చేస్తాం.

"సార్, పాలటల్ వైపు (అంగిలి పక్క) 0.4 మిల్లీమీటర్లు మాత్రమే ఉంది."

"పేషెంటు వెళ్లిపోయాడయ్యా. ఎలాగోలా అడ్జస్ట్ చెయ్యి."

ఆ "ఎలాగోలా"లో రెండే దారులున్నాయి. క్యాప్ పల్చగా చేయడం, లేదా ఎత్తుగా చేసి పంపితే డాక్టరు నోట్లో అరగదీయడం. ఎటు చూసినా పల్చనే. మంచి డాక్టర్లు పేషెంటుని మళ్లీ పిలిచి ఇంకో అర మిల్లీమీటరు తీస్తారు. ఎవరైనా మిమ్మల్ని అలా రెండోసారి పిలిస్తే విసుక్కోకండి, అదృష్టం అనుకోండి.

రెండో కారణం మూలలు. మెషిన్‌లో క్యాప్ లోపలి వైపు కోసే బర్ (తిరుగుతూ కోసే పుల్ల) మొన గుండ్రంగా ఉంటుంది, దానికో మందం ఉంది. స్టంపు, అంటే అరగదీసిన పన్ను, మొన తేలి పదునుగా ఉంటే ఆ మూలలోకి బర్ దూరలేదు. అప్పుడు సాఫ్ట్‌వేర్ చుట్టుపక్కల ఎక్కువ తినేస్తుంది. లోపల బోలు మిగులుతుంది, అక్కడ సిమెంటు గుట్ట పడుతుంది, పైనున్న సిరామిక్‌కి కింద ఆసరా ఉండదు. మట్టి దిగిన చోట పరిచిన టైలు ఎలా పగులుతుందో ఇదీ అలాగే.

మూడోది నిద్రలో పళ్లు కొరకడం. ఈ అలవాటున్నవాళ్లకి తెలియదు, పక్కన పడుకున్నవాళ్లకి తెలుస్తుంది. పళ్లన్నీ చదునుగా అరిగి ఉంటే, పొద్దున లేవగానే దవడ నొప్పిగా ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి. రాత్రిపూట పెట్టుకునే నైట్ గార్డ్ చేయించుకుంటే క్యాప్‌కే కాదు, మిగతా పళ్లకీ మంచిది.

క్యాప్ చెక్కుచెదరకుండా ఊడొచ్చేసింది. తప్పెవరిది?

మూడు చోట్ల వెతకాలి.

స్టంపు పొట్టిగా ఉంటే ఏ క్యాప్ అయినా ఊడుతుంది. సీసా మూతకి పట్టు దొరకాలంటే మెడ ఉండాలిగా. రూట్ కెనాల్ అయిన పంటికి చిగురు పైన కనీసం మిల్లీమీటరున్నర, రెండు మిల్లీమీటర్లు గట్టి పన్ను చుట్టూ మిగిలి ఉండాలి, దాన్ని ఫెరూల్ అంటారు. అది లేకుండా వేసిన క్యాప్ ఎంత ఖరీదైనదైనా రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టే.

రెండోది అతికించే తీరు. లిథియం డైసిలికేట్‌లో గాజు ఉంటుంది కాబట్టి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఇరవై సెకన్లు పూస్తే లోపలి వైపు గరుకవుతుంది, ఆపైన సైలేన్ అనే అతుకు ద్రావణం రాసి రెసిన్ సిమెంటుతో అతికిస్తే పంటిలో భాగంలా పట్టుకుంటుంది. జిర్కోనియాలో గాజు లేదు, ఆ ఆమ్లం దాన్నేమీ చేయలేదు. దానికి సన్నటి అల్యూమినా పొడితో కొట్టించాలి, ఎండీపీ అనే రసాయనం ఉన్న ప్రైమర్ రాయాలి. ఇంకో చిక్కు ఉంది. ట్రయల్ చూసేటప్పుడు ఉమ్మి తగిలితే అందులోని ఫాస్ఫేట్లు జిర్కోనియాకి అతుక్కుపోయి ఆ ప్రైమర్‌కి చోటివ్వవు. ఉత్తి నీళ్లతో కడిగితే పోవు, వేరే క్లీనర్ వాడాలి. ఐదు నిమిషాల పని. బయట పదిమంది పేషెంట్లు వెయిటింగ్‌లో ఉన్నప్పుడు ముందు ఎగిరిపోయేది ఆ ఐదు నిమిషాలే.

మూడోది మా తప్పు, అంటే ల్యాబ్‌ది. సిమెంటుకి వదిలే ఖాళీ ఎక్కువ పెట్టేయడం. క్యాప్ సులువుగా దిగుతుంది, డాక్టరు దగ్గర్నుంచి కంప్లయింటు రాదు. పట్టు మాత్రం ఉండదు. నేనూ మొదట్లో చేశాను ఆ పని.

క్యాప్ వేశాక ఇక ఆ పన్ను పుచ్చదు కదా?

పుచ్చుతుంది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

నా డబ్బాలోంచి ఏదో ఒక క్యాప్ తీసి చూపిస్తాను. పైన చూస్తే నిన్న కోసినట్టుంటుంది, మెరుపు కూడా పోలేదు. తిప్పి లోపల చూస్తే గోధుమరంగు మెత్తటి ముద్ద, అందులో పంటి ముక్క, పాత పచ్చడి జాడీ మూత తీసినట్టు ఒక వాసన. సిరామిక్ పుచ్చదు, దాని కింది పన్ను పుచ్చుతుంది. క్యాప్ అంచు, పన్ను కలిసే గీత దగ్గర, చిగురు పక్కన మొదలవుతుంది. రూట్ కెనాల్ అయిన పంటికి నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. ఒకరోజు ఇడ్లీ తింటుంటే క్యాప్ పన్నుతో సహా చేతికొస్తుంది. ఇడ్లీకి ఊడిందేంటండీ అని ఆశ్చర్యపోతారు. ఊడింది ఇడ్లీకి కాదు, నాలుగేళ్లుగా లోపల తొలిచిన పుచ్చుకి.

ఆ అంచులో ఎంత సందు ఉండొచ్చు? 1971లో అచ్చయిన ఒక పరిశోధనలో వెయ్యికి పైగా కేసుల్ని ఐదేళ్లకి పరీక్షించి 120 మైక్రాన్ల, అంటే 0.12 మిల్లీమీటర్ల వరకు ఫరవాలేదన్నారు. ఇప్పటికీ అందరూ చెప్పేది ఆ అంకే. స్కాన్ బాగుంటే మెషిన్ అంతకన్నా చాలా దగ్గరగా కోయగలదు. స్కాన్ బాగుండాలంటే చిగురు నెత్తురు కారకుండా, అంచు తేటగా కనపడాలి. నెత్తురులో మునిగిన అంచుని కంప్యూటర్ చూడలేదు, మేం ఊహించి గీస్తాం. ఆ ఊహే మీ నోట్లో సందు.

ఎక్స్-రే తీస్తే తెలియదా అంటారా, జిర్కోనియా ఎక్స్-రేలో తెల్లటి ముద్దలా పడుతుంది, దాని చాటున ఉన్నది కనపడదు. అంచు దగ్గర మాత్రం తెలుస్తుంది. ఏడాదికోసారి డాక్టరు మొనగల పరికరంతో ఆ గీత చుట్టూ గుచ్చి చూస్తే చాలావరకు బయటపడుతుంది. ఇంట్లో మీరు చేయాల్సిందల్లా ఆ పంటికి రెండు పక్కలా రోజూ ఫ్లాసో, సందుల్లో దూరే చిన్న బ్రష్షో పెట్టడం. షుగర్ ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్త, చిగురు కిందికి జారితే అంచు బయటపడుతుంది.

అంత గట్టి క్యాప్ ఎదురు పన్నుని అరగదీయదా?

గరుకుగా వదిలేస్తే అరగదీస్తుంది. అద్దంలా పాలిష్ చేసిన జిర్కోనియా ఎదురు పంటికి పెద్దగా హాని చేయదని పరిశోధనల్లో తేలింది. ఉత్తి గ్లేజు, అంటే గాజులాంటి మెరుపు పూత, పూసినదాని కన్నా పాలిష్ చేసిందే మేలు, ఎందుకంటే గ్లేజు కొన్నాళ్లకి లేచిపోయి కింది గరుకు బయటపడుతుంది. మేం పాలిష్ చేసి పంపుతాం. అతికించాక "కొంచెం ఎత్తుగా ఉంది" అని మీరంటే డాక్టరు డైమండ్ బర్‌తో గీస్తారు. గీశాక రబ్బరు లాంటి మొనలతో మళ్లీ పాలిష్ చేశారా? నాలుకతో తడిమి చూడండి. ఇసుక కాగితంలా తగిలితే అక్కడే చెప్పండి, ఇంటికొచ్చాక కాదు.

ఆవకాయ తినొచ్చా? వక్క, చేగోడీలు, బొమికలు?

టెంక లేని ఆవకాయ మన వైపు ఆవకాయ అనిపించుకోదు, తెలుసు. ముక్క చీకండి, టెంక కొరక్కండి. సొంత పళ్లకి కూడా అదే మాట చెప్తాను. చేగోడీలు, జంతికలు ఫరవాలేదు. నాటుకోడి బొమికలు పటపటలాడించడం, చెరుకు పంటితో చీల్చడం, సోడా మూత తీయడం మానేయండి. వక్క రోజంతా బుగ్గన పెట్టుకునేవాళ్ల పళ్లు అరిగి చదునైపోతాయి. అలాంటి నోట్లో క్యాప్ ఒక్కటే ఎత్తుగా మిగిలి దెబ్బలన్నీ అదే తింటుంది. వక్కతో నోటి క్యాన్సర్ భయం ఎలాగూ ఉంది.

అన్నంలో రాయి తగిలి పగిలిందని ఒకాయన క్యాప్ పంపారు. మందం కొలిస్తే ఆ చోట అర మిల్లీమీటరు కూడా లేదు. రాయి నెపం మాత్రమే.

పసుపు, కాఫీ, కిళ్లీ వల్ల రంగు మారుతుందా?

సిరామిక్ మారదు. అంచు దగ్గర సిమెంటు గీత నల్లబడుతుంది, చుట్టూ ఉన్న మీ పళ్లు పచ్చబడతాయి, మధ్యలో క్యాప్ ఒక్కటే తెల్లగా కనపడి అదే మారిందనిపిస్తుంది. ఎర్ర పళ్లపొడి, బొగ్గు, ఉప్పు వేసి తోమితే మెరుపు పోతుంది. క్లినిక్‌లో ఫ్లోరైడ్ జెల్ పూస్తామంటే సిరామిక్ క్యాప్ ఉందని చెప్పండి. ఆమ్లం ఉన్న రకం గ్లేజుని తినేస్తుంది, ఆమ్లం లేని రకం వేరే ఉంది.

మాది పల్నాడు. నీళ్ల వల్ల పళ్ల మీద గోధుమ మచ్చలు. క్యాప్ నిలుస్తుందా?

నిలుస్తుంది. పల్నాడు, ప్రకాశం నుంచి ఇలాంటి కేసులు మాకు కొత్త కాదు. పూర్తి క్యాప్‌కి మచ్చలున్న పైపొర చాలావరకు అరగదీస్తారు. ఎటొచ్చీ ఈ-మ్యాక్స్ వెలుగుని లోపలికి పోనిస్తుంది, కింద నల్లటి స్టంపు ఉంటే నీడ కొడుతుంది. అరగదీశాక స్టంపు ఫొటో మాకు పంపమనండి, వెలుగు తక్కువ పోనిచ్చే ఇటుక ఎంచుకుంటాం.

రూట్ కెనాల్ అయి ఏడాదైంది. నొప్పి లేదు. క్యాప్ తప్పదా?

దవడ పన్నయితే తప్పదు. 2002లో వచ్చిన అమెరికా అధ్యయనం ఒకటి, క్యాప్ లేని రూట్ కెనాల్ పళ్లు క్యాప్ ఉన్నవాటికన్నా ఆరు రెట్లు ఎక్కువగా పోయాయని చెప్పింది. డబ్బు ఇబ్బంది ఉంటే విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, గుంటూరు పక్కన తక్కెళ్లపాడులో సిబార్ డెంటల్ కాలేజీ ఉంది. కాలేజీల్లో సిట్టింగులు ఎక్కువ పడతాయి, ఓపిక ఉండాలి.

ఒక్కరోజులో ఇచ్చే క్యాప్ తక్కువ రకమా?

కాదు. పైన చెప్పిన పదేళ్ల లెక్క, 27 ఏళ్ల లెక్క రెండూ క్లినిక్‌లో అక్కడికక్కడే కోసినవే. దాని లాభం, మధ్యలో టెంపరరీ క్యాప్ బెడద ఉండదు. నష్టం, చిగురు వాచి ఉన్నా సరే ఆరోజే స్కాన్ తీసేయాలన్న తొందర. ఇది మా ల్యాబ్ వ్యాపారానికి పోటీయే అయినా ఉన్నమాట చెప్పాలిగా.

పదిహేనేళ్ల వారంటీ కార్డు ఇచ్చారు. ఇక బెంగ లేదా?

కార్డు వెనక సన్న అక్షరాలు చదవండి. సాధారణంగా అది సిరామిక్ ముక్క పగిలితే కొత్తది ఇస్తామన్న హామీ మాత్రమే. కింది పన్ను పుచ్చితే, చిగురు జారితే, మళ్లీ రూట్ కెనాల్ కావాల్సొస్తే వర్తించదు. పోయేవి ఎక్కువగా ఆ దారిలోనే పోతాయని పైన చెప్పాను. కాబట్టి వారంటీ ఇచ్చేవాళ్లకి పెద్ద రిస్కు లేదు. అయినా కార్డు పారేయకండి. దాని మీద ఏ పదార్థం, ఏ లాట్ నంబరు అన్నది ఉంటుంది. పదేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరుకి ఆ వివరం చాలా పనికొస్తుంది.

ఒకే జిర్కోనియాకి ఒక్కోచోట ఒక్కో రేటు ఎందుకు?

డిస్కు కంపెనీ, పేటలో అద్దె, డాక్టరు పెట్టే సమయం. చవక డిస్కు పెట్టి ఖరీదైన పేరు చెప్పేవాళ్లూ ఉన్నారు, అందుకే లాట్ నంబరు అడగండి. కానీ బ్రాండ్ కోసం మూడు క్లినిక్‌లు తిరిగే ఓపికని, తీరిగ్గా పన్ను అరగదీసి, చిగురు ఆరబెట్టి అతికించే డాక్టరుని వెతకడానికి వాడండి.

వేసిన క్యాప్‌ని తీసి మళ్లీ పెట్టొచ్చా?

రెసిన్‌తో అతికించింది ముక్కలు చేస్తేనే వస్తుంది. జిర్కోనియా అయితే డైమండ్ బర్‌లు అరిగిపోతాయి, డాక్టరు చేయి నొప్పి పుడుతుంది. క్యాప్ ఉండగానే దాంట్లో రంధ్రం చేసి రూట్ కెనాల్ చేయొచ్చు, కాకపోతే ఆ రంధ్రం దగ్గర పగులు పుట్టే ప్రమాదం ఉంది.

ఊడిన క్యాప్‌ని ఫెవిక్విక్‌తో అంటించుకోవచ్చా?

నవ్వకండి, ఇది నెలకొకరైనా అడుగుతారు. అంటించేసుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. అది నోటికోసం చేసిన జిగురు కాదు. చిగురుని కాలుస్తుంది, క్యాప్ వంకరగా గట్టిపడిపోతుంది, లోపలి వైపు పాడై మళ్లీ అతికించడానికి పనికిరాదు. క్యాప్ మింగేస్తే మామూలుగా దానంతటదే బయటికి పోతుంది. పొలమారి దగ్గు ఆగకపోతే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఊడిన క్యాప్‌ని నీళ్లతో కడిగి మూత ఉన్న చిన్న డబ్బాలో వేయండి. టిష్యూలో చుట్టి పెట్టినవి ఎవరో ఒకరు చెత్తబుట్టలో పడేస్తారు. రెండు మూడు రోజుల్లో డాక్టరు దగ్గరికి వెళ్లండి. పండగ అయ్యాక చూద్దాం, పెళ్లి అయ్యాక చూద్దాం అని నెలలు గడిపితే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, ఎదురు పన్ను కిందికి దిగుతుంది. అప్పుడు అదే క్యాప్, అదే పన్ను, కానీ కూర్చోదు. అలాంటివి కూడా నా డబ్బాలోకే వస్తాయి.